తొట్టి దొర నాలుగో ప్రయాణం

1889లో చచ్చిపోయిన సర్ ఆగస్టస్ థ్రింగ్ ఈ ఏడాది మూడుసార్లు మలేసియాలో ప్రయాణం చేశాడు. మూడుచోట్లా ఒక్కొక్క శవం దొరికింది.

ఇళంగోవన్ ఫైలు మూసి ఎదురుగా కూర్చున్న ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కంపెనీ బోర్డు తగిలించుకున్న ఆ రహస్య ఆఫీసుకి అతనే చీఫ్. ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకడు ఏజెంట్ శ్రీకుమార్. రెండో మనిషి దర్షిణి, పాత పత్రికల మీద డాక్టరేట్ చేసిన కన్సల్టెంట్. ఆమె గదిలో ఉంటే శ్రీకుమార్‌కి బ్రీఫింగ్ సగమే వినబడేది.

థ్రింగ్ దొర నిజంగానే ఉండేవాడు, నిజంగానే తిక్కమనిషి. తగరపు స్నానపు తొట్టి, రెండు గొడుగులు, ఒక ముసలి కోడి వెంటేసుకుని దేశాలు తిరిగేవాడు. నది అడ్డం వస్తే తొట్టిలో కూర్చుని దాటేవాడు. ఇంగ్లండ్‌లోని చిన్న ఊళ్ల పత్రికలు పందుల సంత వార్తల పక్కన అతని ముచ్చట్లు నాలుగేసి లైన్లు వేసి జనాన్ని నవ్వించేవి. ఇప్పుడా పత్రికలన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. అందులోకి ఎవరో దొంగచాటుగా కొత్త ముచ్చట్లు చేరుస్తున్నారు. ఒక విదేశీ ముఠాకి అవే ఆర్డర్లు. నూట ముప్పై ఏళ్ల నాటి పేపరుని ఏ నిఘా కంప్యూటరూ పట్టించుకోదు.

పోర్టు క్రేన్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ ముఠా పెట్టిన బ్యాక్‌డోర్‌ని, అంటే దొంగదారిని, నలుగురు ఇంజనీర్లు కనిపెట్టారు. ముగ్గురు పోయారు. మిగిలింది వసంతి. సోమవారం ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందాకా సముద్రం ఒడ్డున బాగన్ దాతుక్ కొబ్బరి ఎస్టేట్‌లో కూర్మమ్మ అనే తెలుగు ముసలావిడ ఇంట్లో దాచారు. ఆ ఇంటి సంగతి ఈ గదిలోని ముగ్గురికే తెలుసు.

ఆ పూట పదకొండింటికి నాలుగో ముచ్చట కనబడింది. ఇళంగోవన్ పైకి చదివాడు.

"సర్ ఆగస్టస్ బాగన్ దాతుక్ చేరారు. అక్కడి కాయలు కోసేవాళ్లలాగే కాళ్లకు తాడు కట్టుకుని, ఒక ముసలమ్మ వంటింటి ఎదుటి కొబ్బరిచెట్టు ఎక్కి, శనివారం సాయంత్రం నాలుగింటికి సముద్రశోభ తిలకిస్తారు."

ఆ రోజే శనివారం. ముగ్గురిలో ఒకరు ద్రోహి. ఈ మాట ఎవరూ అనలేదుగాని ముగ్గురూ అదే అనుకున్నారు.

వసంతిని వెంటనే మార్చేద్దామన్నాడు శ్రీకుమార్. ఇళంగోవన్ ఒప్పుకోలేదు. పామాయిల్ తోటల మధ్య రోడ్డు కంటే ఇల్లే నయమన్నాడు. శ్రీకుమార్‌ని ఒక్కణ్ణే పంపాడు. ఎక్కువమంది వెళితే ఊరంతా చూస్తుందట.

కారు హైవే ఎక్కగానే దర్షిణి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "బాస్ పుట్టింది ఆ ఎస్టేట్‌లోనే, తెలుసా? ఆ ఇల్లు ఎంచుకున్నదీ ఆయనే. జాగ్రత్త, శ్రీ."

శ్రీకుమార్ ఇళంగోవన్ దగ్గర పదకొండేళ్లు పనిచేశాడు. అయినా అనుమానం ఒకసారి కారెక్కాక దిగనంది.

మూడింటికి వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషంలో కూర్మమ్మ ఇంటి వెనక తలుపు కొట్టాడు. ఫిల్టర్ మార్చాలన్నాడు. పోయిన నెలే మార్చినారు కదా అందావిడ. కోడ్ సరిపోయింది. గోడకి కొసన కొడవలి కట్టిన పొడుగాటి గెడ ఒకటి ఆనించి ఉంది. దాని పక్కనుంచే లోపలికి నడిచాడు.

వసంతి వంటింట్లో చింతపండు నానబెడుతోంది. కిటికీకి దూరంగా కూర్చోమన్నాడు. టూల్‌బాక్స్ లోంచి అరచేతి సైజు డ్రోన్ తీసి ఎగరేశాడు. మనిషి ఒంటి వేడిని పట్టే కెమెరా అది. ఆ ఎండలో తోటంతా ఒకటే వేడి, స్క్రీన్ ఎర్రగా అలికినట్టుంది. పాత ముచ్చట్లలో ఊరు, వేళ తప్ప మిగతాదంతా వేళాకోళమే కాబట్టి చెట్టు మాట వదిలేసి, దొరలాంటివాడెవడైనా రోడ్డు మీద కనిపిస్తాడేమోనని చూస్తూ కూర్చున్నాడు. ఇళంగోవన్ రెండుసార్లు ఫోన్ చేస్తే అనుమానంతో ఎత్తలేదు.

నాలుగింటికి రెండు నిమిషాలుందనగా కూర్మమ్మ వెనకవైపు నుంచి లోపలికొచ్చింది.

"ఆ సెట్టెక్కినోడెవుడు బాబూ?"

"కాయలు కోసేవాడు కదా మామ్మా." అతను స్క్రీన్ మీంచి తలెత్తలేదు.

"మా కాడ సెట్టెవుడెక్కుతాడు? కిందనుంచే గలాతో, అదే ఆ గోడకున్న గెడతో కోస్తారు. నా పెనిమిటి ముప్పైయేళ్లు అలాగే కోసినాడు. ఈడేటి, కాళ్లకి తాడేసుకుని ఎక్కినాడు?"

శ్రీకుమార్ వసంతి మీదకి దూకి ఆమెను నేలకి అదిమాడు. కిటికీ అద్దం పగిలింది. చింతపండు గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది. రెండో గుండు పేలేలోగా అతను వెనక తలుపులోంచి బయటపడి, గోడకున్న గెడ లాక్కుని చెట్టు మొదట్లోకి పరిగెత్తాడు. మట్టలు అడ్డొచ్చి పైవాడికి కిందికి గురి కుదరలేదు. శ్రీకుమార్ కొడవలిని తుపాకీ పట్టీకి తగిలించి బలంకొద్దీ లాగాడు. తుపాకీ రెండు కాయలతో సహా కిందపడింది.

ఆ హంతకుడికి ఎక్కడం నేర్పినవాళ్లు దిగడం సరిగ్గా నేర్పలేదు. మానుని కావిలించుకుని ఉండిపోయాడు. కూర్మమ్మ నడుం మీద చెయ్యేసుకుని పైకి చూసింది.

"ఎక్కినోడు ఎలాగూ ఎక్కినాడు. పోలీసులొచ్చిందాకా నాలుగు కాయలు కొయ్యమను."

వసంతి నేలమీదే కూర్చుని, ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు వింటే శ్రీకుమార్‌కి ప్రాణం లేచొచ్చింది. ఫోన్ తీసి ముందు ఇళంగోవన్‌కి చేశాడు.

"సార్, బాగన్ దాతుక్‌లో కొబ్బరికాయలు ఎలా కోస్తారు?"

"గలాతోనే. మా నాన్న పని అదే. వసంతి ఎలా ఉంది?"

క్షేమమని చెప్పి, లైన్‌లోనే ఉండమని, దర్షిణిని కాల్‌లో కలిపి అదే ప్రశ్న అడిగాడు. ఆమె తేలిగ్గా నవ్వింది.

"ఎక్కి కోస్తారు, కాళ్లకి తాడు కట్టుకుని. పాత పోస్ట్‌కార్డుల్లో చూడలేదా?"

ఓ గంట క్రితమైతే శ్రీకుమార్ కూడా అదే చెప్పేవాడు. సైబర్‌జయలో పెరిగినవాడికి కొబ్బరికాయ సూపర్‌మార్కెట్‌లో కాస్తుంది. కానీ ఆ ముచ్చట తను రాయలేదని అతనికి తెలుసు. ఆ ఎస్టేట్‌లో పుట్టిన ఇళంగోవన్ అలా రాసే మనిషి కాడు. ఇక మిగిలింది ఒక్కరే. ఫోన్‌లో ఇళంగోవన్ కుర్చీ వెనక్కి నెట్టిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు దర్షిణి ఫోన్‌లోంచి వినబడింది.

"కీబోర్డ్ మీంచి చేతులు తియ్యమ్మా."

ఆమె స్క్రీన్ మీద దొరగారి అయిదో ప్రయాణం సగం టైపయి ఉంది. అందులో వెళ్లాల్సిన ఊరు ఇపో, చూడాల్సిన మనిషి శ్రీకుమార్.

సోమవారం వసంతి కోర్టులో రెండు గంటలు మాట్లాడింది. ఒక్కసారి కూడా గొంతు వణకలేదు. ఆ సాయంత్రం పాత పత్రికలో ఆఖరి ముచ్చట ఒకటి చేరింది. దాన్ని శ్రీకుమార్ రాశాడు. ఈసారి తప్పులు పోకుండా ముందు కూర్మమ్మకి చదివి వినిపించాడు.

"సర్ ఆగస్టస్ చెట్టు దిగలేకపోయారు. మిత్రులందరినీ బుధవారం ఇపో రైల్వేస్టేషన్‌లో టీకి ఆహ్వానిస్తున్నారు."

ముఠావాళ్లు ఏడుగురు వచ్చారు. ఏడుగురినీ పోలీసు వ్యాన్ ఎక్కించాక, చచ్చి నూట ముప్పై ఏళ్లు దాటిన మనిషిని సర్వీసు నుంచి రిటైర్ చేస్తూ ఇళంగోవన్ ఫైలు మీద సంతకం పెట్టాడు.