గుహకు వెళ్లే బాట

సుభాష్ జేసీబీకి అడ్డంగా ఒక అమ్మాయి వచ్చి నిలబడింది.

పూండి దగ్గరి కొండగుహకు వెళ్లే కాలిబాట అది. కార్లు గుహ దాకా వచ్చేలా దాన్ని వెడల్పు చేయమని ఊరివాళ్లు సుభాష్‌కు చెప్పారు. చూడ్డానికి జనం వస్తే ఊళ్లో నాలుగు అంగళ్లు లేస్తాయని వాళ్ల ఆశ. మోకాళ్ల నొప్పితో ఏళ్లుగా కొండెక్కని తన తల్లి కోకిలను కారులో తీసుకుపోవాలని సుభాష్ ఆశ.

అడ్డం నిలబడింది సింధూర. తిరుత్తణి పిల్ల. ఆదిమానవుల పనిముట్ల మీద రీసెర్చ్ చేస్తోంది.

“అన్నా, మిషన్ ఆపండి.”

“అన్నా అంటే ఆపేస్తానా? పక్కకు పో పాపా.”

ఆమె కదల్లేదు. తవ్విన ఎర్రమట్టిలోంచి ఒక రాయి తీసి అతని చేతిలో పెట్టింది. బాదంగింజ ఆకారం, రెండు పక్కలా చెక్కిన అంచు. లక్షల ఏళ్ల కిందట ఎవరో మాంసం కోసుకోవడానికి చెక్కిన చేగొడ్డలి అని చెప్పింది. అది అతని అరచేతిలో తన కోసమే చేసినట్టు ఇమిడింది. సుభాష్ ఇంజన్ ఆపేశాడు.

మర్నాటి నుంచి ఆమె రాళ్లున్న చోట్లు కొలుస్తుంటే, టేపు రెండో కొస అతను పట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఆమె ‘అన్నా’ అనడం మానేసింది. ఆ రోజంతా అతను ఈల వేస్తూనే తిరిగాడు.

ఊరివాళ్లకు మాత్రం కోపం వచ్చింది. రాళ్ల కోసం రోడ్డు వదులుకోవాలా అని పంచాయతీ కూటంలో సింధూరను నిలదీశారు. అప్పుడు సుభాష్ లేచాడు.

“కార్లు కిందనే నిలబడనీ. దానికి మా చెనిక్కాయ చేన్లో రోడ్డు పక్క ముక్క ఇస్తాను. అంగళ్లూ ఆడనే పెట్టుకోండి. పైకి మన్ను తవ్వకుండా చెక్కబాట ఏస్తాము. అంతా తవ్వి పారేస్తే, వచ్చినోళ్లు ఏం చూస్తారు?”

సింధూర అతని వైపే చూస్తోంది. అతను మాత్రం సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఊరివాళ్లు సరేనన్నారు, పురావస్తు శాఖ అధికారులూ ఒప్పుకున్నారు. ఆరు నెలలకు రెయిలింగుతో, మధ్య మధ్య బెంచీలతో చెక్కబాట పూర్తయింది. తెరిచిన రోజు సన్నగా తుంపర. కోకిల మెల్లగా నడిచి సగం దూరంలో బెంచీ మీద కూర్చుంది.

సింధూర చదువు ఆ వారంతో ముగిసింది. మూడు రోజులుగా కూడగట్టుకున్న మాట చెబుదామని సుభాష్ ఆమె దగ్గరికి వెళ్లి, చెక్కలకు వేసిన బోల్టుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె అంతా ఓపిగ్గా వింది.

“ఈడ గైడు ఉద్యోగానికి అప్లై చేసినాను, వచ్చింది,” అంది. “ఇంట్లో నీ గురించి చెప్పినాను. మా నాయన ఆదివారం మీ ఇంటికి వస్తానన్నాడు. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు.”

సుభాష్‌కు బోల్టులు కూడా గుర్తు రాలేదు. “ఇష్టమే,” అన్నాడు, తనకే వినబడనంత చిన్నగా.

పక్కనే బెంచీ మీదున్న కోకిలకు మాత్రం బాగానే వినబడింది.

“ఆదివారం దాకా యాల పాపా, రేపే రమ్మను,” అంటూ లేచి, రెయిలింగు వదిలి సింధూర చెయ్యి పట్టుకుని గుహ వైపు నడిచింది.