అబద్ధాల డబ్బా

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవయ్యో ఏట, మా ఆయన పోయాక నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ కథ రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీకు చదవడానికి అంత పట్టదు.

*

డిసెంబరు పదకొండు, గురువారం. ఉదయం ఆరూ నలభై ఏడు.

ఢిల్లీలో ఘాజీపూర్ చేపల మార్కెట్ వెనక లారీల స్టాండు. మంచు, పొగ కలిసిపోయి పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు. మూడో వరసలో ఒక ఆంధ్రా లారీ. ఇంజను నడుస్తూనే ఉంది. అద్దాలు బిగించి ఉన్నాయి.

క్యాబిన్‌లో వెనక బల్ల మీద డ్రైవరు వరప్రసాద్ పడుకుని ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు. ఆకివీడు నుంచి చేపల లోడుతో వచ్చాడు. ఇక లేవడు.

కానిస్టేబుల్ నేహా ముందు ఫోటోలు తీసింది. తర్వాత తాళం తిప్పి ఇంజను ఆపింది.

"పొగ లోపలికొచ్చి పోయుంటాడు" అన్నారు చుట్టూ చేరినవాళ్లు. చలికాలంలో అలాంటి చావులు ఢిల్లీకి కొత్త కాదు.

మధ్యాహ్నానికి డాక్టరు ఇంకో మాట చెప్పాడు. పొగ కాదు. ఎవరో ముక్కూ నోరూ గట్టిగా నొక్కిపెట్టారు. ప్రాణం పోయింది నాలుగుకీ ఆరుకీ మధ్య.

సాయంత్రానికి రెండో డ్రైవరు భీమేశ్వరరావు లాకప్‌లో ఉన్నాడు.

*

శుక్రవారం. ఉదయం ఎనిమిదిన్నర.

"సునంద జీ, మీ తెలుగువాడు ఒక్క ముక్క హిందీ మాట్లాడడం లేదు" అన్నాడు స్టేషన్ పెద్ద, ఎస్‌హెచ్‌ఓ తోమర్. "స్టేట్‌మెంట్ రాసుకోండి. రెండింటికి కోర్టులో పెట్టాలి. కేస్ ఖతమ్."

సబ్ ఇన్‌స్పెక్టర్ సునందకి నలభై ఒకటి. పుట్టింది తెనాలిలో. తండ్రి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వల్ల పెరిగింది మాత్రం ఢిల్లీలో.

"అతనే చంపాడని ఎలా అంటున్నారు, సార్?"

"క్యాబిన్‌లో ఉండేది ఇద్దరు. ముందురోజు రాత్రి దారిలో పల్వల్ ఢాబాలో కాలర్లు పట్టుకున్నారు. ఢాబావాడే చెప్పాడు. ఇంకేం కావాలి?"

"ఆ రోజు పొద్దున ఇతనెక్కడున్నాడు?"

"నాలుగూ ముప్పై ఎనిమిది నుంచి ఆరూ ముప్పై ఐదు దాకా వేలం షెడ్డులో. కెమెరాలో ఉన్నాడు. అంతకుముందే చంపి వెళ్లాడు. నాలుగు తర్వాత చనిపోయాడని డాక్టర్ అన్నాడుగా. సరిపోయింది."

సరిపోయింది. మరీ బాగా సరిపోయింది. సునందకి అదే నచ్చలేదు.

ఆమె లాకప్ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. భీమేశ్వరరావు యాభై దాటినవాడు. కళ్లు వాచి ఉన్నాయి.

"బాబాయ్, నేనూ తెలుగుదాన్నే. టీ తాగావా?"

అతను తలెత్తాడు. ఒక్కసారిగా బొటబొటా కన్నీళ్లు కారాయి.

"తాగబుద్ది కాలేదమ్మా. ఆడికి టీ అంటే ప్రాణం."

"మరి ఢాబాలో ఎందుకు కొట్టుకున్నారు?"

"ఆ డబ్బా గురించమ్మా."

"ఏ డబ్బా?"

"అబద్ధాల డబ్బా."

అతను చెప్పుకొచ్చాడు. వాళ్లది బీఎస్ సిక్స్ బండి, పొగ తక్కువ వదలాల్సిన కొత్త రకం. పొగలో విషం చావడానికి యూరియా నీళ్ల ట్యాంకు వేరే ఉంటుంది. అది అయిపోతే బండి ముందుకు కదలనని మొరాయిస్తుంది. కంపెనీ వాళ్లకి ఆ యూరియా దండగ అనిపించింది. డ్యాష్‌బోర్డు కింద అరచేయంత డబ్బా పెట్టించారు. యూరియా పడుతోంది, అంతా బాగుంది అని అది ఇంజను కంప్యూటర్‌కి అబద్ధం చెబుతూ ఉంటుంది. కాలుష్యం పెరిగితే ఢిల్లీలోకి పాత బండ్లని రానివ్వరు. బీఎస్ సిక్స్‌కి అడ్డు లేదు. కాగితం మీద శుభ్రమైన బండి. గొట్టంలోంచి నల్లటి పొగ.

"పోయిన ట్రిప్పులో బోర్డరు దగ్గర నల్లపొగ చూసి పట్టుకున్నారమ్మా. నోటీసు ఆడి పేరు మీదే వచ్చింది. లైసెన్సు తీసేస్తామన్నారు. 'పెట్టినోడు బాగానే ఉన్నాడు, పెట్టించినోడు బాగానే ఉన్నాడు, లైసెన్సు పోయేది నాదా బాబాయ్? ఈసారి డబ్బా పీకి ఆఫీసర్ల చేతిలో పెడతా, ఎవరు బిగించారో పేరు చెప్తా' అన్నాడు. నీకెందుకురా అన్నాను. పిరికోడివన్నాడు. నేను కాలర్ పట్టుకున్నాను. అంతేనమ్మా. నా చేతుల్లో పెరిగినోడమ్మా ఆడు."

"ఎవరు బిగించారు?"

"అది నాకు తెలీదు. నేనీ బండెక్కి రెండు నెలలే. అప్పటికే ఉంది."

*

తొమ్మిదీ పది. సునంద బల్ల మీద నేహా తీసిన ఫోటోలు పరిచింది. శవం. బల్ల. తాళం. డ్యాష్‌బోర్డు.

డ్యాష్‌బోర్డు ఫోటో దగ్గర ఆగింది.

"నేహా, ఇది తీసినప్పుడు టైమెంత?"

"ఆరూ నలభై ఏడు, మేడమ్. ఫోన్‌లో పడింది చూడండి."

"లారీ గడియారం చూడు."

నేహా వంగి చూసింది. ఒంటిగంటా ముప్పై రెండు.

"అరే మేడమ్! ట్రక్కు గడియారం ఎప్పుడు సరిగ్గా నడిచింది?"

నిజమే. ఎవరూ పట్టించుకోనిది అందుకే. సునంద మళ్లీ లాకప్ దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, మీ బండి గడియారం తప్పు నడుస్తుందా?"

భీమేశ్వరరావుకి అంత దుఃఖంలోనూ రోషం వచ్చింది.

"చేపల బండమ్మా మాది! ఇసక బండి కాదు. ఐసు కరిగిపోయే లోపు చేరాలి. చేరగానే డ్యాష్‌బోర్డు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి, కిలోమీటర్లూ టైమూ కనపడేలా. గడియారం నిమిషం తేడా ఉంటే షావుకారు ఊరుకోడు."

ఆ గ్రూపు అతని ఫోనులో ఉంది. చివరి ఫోటో వరప్రసాద్ పెట్టిందే. ఫోను టైము మూడూ యాభై ఎనిమిది. లారీ గడియారం మూడూ యాభై ఎనిమిది.

సునంద స్టేషన్ జీపు డ్రైవరుని పిలిచింది.

"భయ్యా, బండి గడియారం సున్నా నుంచి మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది?"

"బ్యాటరీ వైరు ఊడదీసి మళ్లీ పెడితే, మేడమ్."

ఆమె కాగితం మీద రాసింది. ఆరూ నలభై ఏడులోంచి గంటా ముప్పై రెండు తీసేస్తే ఐదూ పదిహేను.

ఐదూ పదిహేనుకి ఎవరో ఆ లారీ బ్యాటరీ వైరు తీసి, మళ్లీ బిగించారు. అప్పుడు భీమేశ్వరరావు వేలం షెడ్డులో, కెమెరా కింద, చేపల పెట్టెలు లెక్కబెడుతున్నాడు.

"అచ్ఛా" అన్నాడు తోమర్ ఆ కాగితం చూసి, నిదానంగా. "కానీ బ్యాటరీ దొంగ అయ్యుండొచ్చుగా?"

"దొంగ బ్యాటరీ పట్టుకుపోతాడు, సార్. తిరిగి బిగించడు."

తోమర్ గోడ గడియారం చూశాడు. "రెండింటి దాకా టైముంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

*

పదింటికి సునంద లారీ దగ్గర ఉంది. డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసింది. అంతా దుమ్ము. మధ్యలో అరచేయంత మేర మాత్రం దుమ్ము లేదు. డబ్బా పోయింది. వైర్లు తెగలేదు. గుంజిన గుర్తులేవీ లేవు.

తర్వాత పక్కనున్న బ్యాటరీ పెట్టె మూత తీసింది. ఒక టెర్మినల్ మీద పాత తుప్పు. రెండోదాని మీద కొత్త గ్రీజు, పల్చగా, అంచుల దాకా పూసి ఉంది. గ్రీజులో ఒక బొటనవేలి ముద్ర.

ఫింగర్ ప్రింట్ వాళ్లు ఫోటో తీసుకున్నారు. పోల్చడానికి వేలు కావాలి.

పదకొండున్నరకి ఆమె ఇద్దరిని అక్కడికే పిలిపించింది. ఒకడు కిరీటి, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ ఢిల్లీ మేనేజరు. ఇక్కడే పుట్టినవాడు. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. రెండోవాడు పెద్దిరాజు. ఆర్మీలో ఇరవై రెండేళ్లు బండ్ల కరెంటు పని చేసి రిటైరయిన హవల్దారు. స్టాండు పక్కనే కొట్టు. ఆంధ్రా డ్రైవర్లందరికీ ఆయనే దిక్కు. తెల్లారకముందే స్టాండులో తిరుగుతుంటాడు కాబట్టి ఏదైనా చూశాడేమో అడగాలని పిలిచానంది సునంద.

"డబ్బాలు ఎవరు పెట్టించారు?" కిరీటిని అడిగింది.

"మేడమ్, సబ్ లోగ్ లగాతే హై."

"అందరి సంగతి వద్దు. మీ సంగతి."

కిరీటి తల దించుకుని హిందీలోనే చెప్పాడు. "పైనుంచి చెప్పారు. పెట్టినవాడి పేరు నాకు తెలీదు. డ్రైవర్లే చూసుకుంటారు."

"నిన్న ఐదింటికి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. నిద్రలో."

"పెద్దిరాజుగారూ, మీరు?"

"నేను ఐదున్నరకి కొట్టు తీస్తానమ్మా. పాపం, కుర్రాడు బంగారం లాంటివాడు. పొగకి పోయాడన్నారు."

"ఈ డబ్బాలు మీరెప్పుడైనా చూశారా?"

"చూడకేం. బిగించమని వస్తుంటారు. నాకొద్దని పంపేస్తాను. సర్కారు పెన్షన్ తింటున్నవాణ్ణి."

సునంద తలూపింది. పక్కనే అదే కంపెనీ రెండో లారీ నిలబడి ఉంది. దాని డ్యాష్‌బోర్డు కింద డబ్బా ఇంకా ఉంది. బేడీలతో భీమేశ్వరరావుని కూడా అక్కడికే తీసుకొచ్చారు.

"ఈ డబ్బా నాకు కోర్టులో కావాలి. పాడవకుండా తీయాలి. కిరీటిగారూ, మీరు తీయగలరా?"

కిరీటి చెయ్యి పెట్టి వైరు పట్టుకున్నాడు. "ఖీంచ్ దూ?"

"బాబాయ్, నువ్వు?"

"లాగితే వచ్చేస్తుందేమోనమ్మా."

"అయ్యో, లాగకండి!" పెద్దిరాజు ముందుకొచ్చాడు. "కంప్యూటర్ కాలిపోతుంది. ఎవరమ్మా మీకు చెప్పింది? జరగండి."

ఆయన డ్యాష్‌బోర్డు వైపు వెళ్లలేదు. తిన్నగా కింద బ్యాటరీ పెట్టె దగ్గరికెళ్లి తెరిచాడు. జేబులోంచి పది నంబరు పానా తీశాడు. నెగటివ్ టెర్మినల్ విప్పి గుడ్డలో చుట్టి పక్కకి పెట్టాడు. అప్పుడు పైకెక్కి, రెండు నిమిషాల్లో, వెతుక్కోకుండా, డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. మళ్లీ దిగి టెర్మినల్ బిగించాడు. ఇంకో జేబులోంచి చిన్న రేకు డబ్బీ తీశాడు. బొటనవేలితో గ్రీజు ముంచి టెర్మినల్ చుట్టూ పూశాడు.

"గ్రీజు ఎందుకండీ?" అంది సునంద.

"తుప్పు పట్టకుండా. రిక్రూట్‌గా ఉన్నప్పుడు ఉస్తాదు చెంప మీద కొట్టి నేర్పాడు. గ్రీజు పెట్టకుండా టెర్మినల్ వదిలితే నాకు అన్నం సయించదు."



సునంద తాళం తిప్పింది. డ్యాష్‌బోర్డు వెలిగింది. గడియారం సున్నా గంటలా ఒక నిమిషం చూపిస్తోంది.

ఆమె రెండు ఫోటోలు వాళ్ల ముందు పట్టింది.

"వరప్రసాద్ లారీ గడియారం మూడూ యాభై ఎనిమిదికి సరిగ్గా ఉంది. ఆరూ నలభై ఏడుకి ఒంటిగంటా ముప్పై రెండు చూపించింది. ఐదూ పదిహేనుకి ఎవరో బ్యాటరీ వైరు తీసిపెట్టి డబ్బా పట్టుకెళ్లారు. పొగకి పోయాడనిపించడానికి ఇంజను నడుపుతూ వదిలేశారు. కానీ పొగ చావు అంటే పోలీసులు ఇంజను చూస్తారు. ఇంజను చూస్తే డబ్బా దొరుకుతుంది. డబ్బా దొరికితే బిగించినవాడు దొరుకుతాడు. అందుకే డబ్బా తీశారు. వేరేవాళ్లయితే లాగి పారేసేవాళ్లు. ఆ చీకట్లో, శవం పక్కన కూడా, ముందు బ్యాటరీ విప్పినవాడు ఒక్కడే. టెర్మినల్‌కి గ్రీజు పూసినవాడూ ఒక్కడే."

పెద్దిరాజు తన బొటనవేలు చూసుకున్నాడు. ఇంకా మెరుస్తోంది.

ఫింగర్ ప్రింట్ అతను ఆ వేలి ముద్ర తీసుకుని, భూతద్దం కింద రెండూ పక్కపక్కన పెట్టాడు. చాలాసేపు చూశాడు. తలూపాడు.

"ఎన్ని లారీలకి బిగించారు?" అడిగింది సునంద.

"లెక్కపెట్టలేదు."

"వరప్రసాద్ ఏమన్నాడు?"

పెద్దిరాజు బండి మెట్టు మీద కూలబడ్డాడు. "నా పేరు చెప్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నానమ్మా. నా కూతురు ఇషిత కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుతోంది. నాలుగేళ్లయింది. సివిల్స్ రాతపరీక్ష గట్టెక్కింది. ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. తండ్రి మీద కేసుంటే దాని గతేంటి అన్నాను. 'మరి నా లైసెన్సు గతేంటి మావయ్యా' అన్నాడు. అరవబోయాడు. తువ్వాలు అడ్డం పెట్టాను. అరవకుండా ఉండాలనే పెట్టాను."

"ఎంతసేపు పెట్టారు?"



*

ఒంటిగంటా నలభై. తోమర్ తన చేత్తోనే బేడీలు విప్పాడు.  కిరీటి మీద, కంపెనీ మీద వేరే కేసు రాస్తున్నారు. రెండు లారీలూ స్టేషన్ వెనక నిలబడ్డాయి.

మార్చురీ ముందు అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఆకివీడుకి ముప్పై గంటల పైనే ప్రయాణం. ఊళ్లో వరప్రసాద్ భార్య ధనమ్మకి కబురు అందింది.

"బాబాయ్, నీకు రైలు టికెట్ తీయిస్తాను" అంది సునంద. "రెండు రోజులుగా నిద్ర లేదు నీకు. వెనక శవపెట్టె పక్కన కూచుని ఎంత దూరం వెళ్తావు?"

భీమేశ్వరరావు అంబులెన్సు తలుపు పట్టుకుని ఎక్కాడు. పెట్టె మీద, కాళ్ల వైపు, దుప్పటి సరిచేశాడు.

"పిరికోడివన్నాడమ్మా నన్ను. నిజమే. డబ్బా పీకుతానన్నప్పుడు నేను పక్కన నిలబడి ఉంటే ఆ ముసలాడు చెయ్యి వేసేవాడు కాదు. వేలం ఉందని వెళ్లిపోయాను." అతను బల్ల మీద కూర్చున్నాడు. "ధనమ్మకి ఆ మాట నా నోటితో నేనే చెప్పాలి. రైల్లో వెళ్తే ఆడికంటే ముందే చేరిపోతాను. ఆడు పక్కన లేకపోతే చెప్పకుండా దాటేస్తానేమోనని భయం."

తలుపు మూసుకుంది.

కోనేరు అన్నపూర్ణేశ్వరి
వయసు అరవై ఎనిమిది
ప్రస్తుతం ఉంటున్నది మయూర్ విహార్, ఢిల్లీ