అరవైమూడు కిలోల చెల్లెలు

ఉదయం ఎనిమిదింటికి పిచ్చుక స్నానాల గదిలో బరువు చూసుకుని బయటికొచ్చి, తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "అరవైమూడు తొమ్మిది వందలక్కా."

పొయ్యి దగ్గర పాలు కాస్తున్న అక్క వెనక్కి తిరగలేదు. "పరవాలేదు. పోటీకింకా ఏడు వారాలుంది. రాత్రిళ్లు అన్నం మానెయ్. నీళ్లు తగ్గించే సంగతి చివరి వారం చూసుకుందాం."

"సరే" అంది పిచ్చుక. గ్లాసులో సగం పాలు తాగి, మిగతా సగం గిన్నెలో పోసేసి, చెప్పులు వేసుకుని ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేదని అమ్మ పెట్టిన ముద్దుపేరది. ఇప్పుడా పిచ్చుక కళ్లజోళ్ల దుకాణంలో కౌంటర్ చూసుకుంటూ, సాయంత్రమైతే నూట యాభై కిలోల ఇనుప కడ్డీని నేల మీంచి లేపి నిటారుగా నిలబడుతుంది. నేర్పింది అక్కే. అక్క బడిలో వ్యాయామం టీచరు. పదకొండేళ్లుగా పవర్‌లిఫ్టింగ్ చేస్తోంది. మూడు రకాలుగా ఎత్తిన బరువులు కూడితే ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లదే గెలుపు. అరవైతొమ్మిది కిలోల విభాగంలో నాలుగేళ్లుగా ఆమెను దాటినవాళ్లు లేరు. చెల్లెలిది అరవైమూడు కిలోల విభాగం. పోటీ రోజున మనిషి బరువు ఆ అంకె దాటకూడదు. దాటితే పై విభాగంలో ఎత్తాల్సిందే. ఒక్కో విభాగం నుంచి ఒక్కరినే పెద్ద పోటీలకు పంపుతారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఏడాదిగా పిచ్చుక ఒళ్లు గట్టిపడుతోంది. కడుపునిండా తింటే అరవైఆరు తూగుతుంది. పైకి వెళితే ఎదురుగా ఉండేది అక్క.

పాల గిన్నె దించి అక్క ముందు గదిలోకి వచ్చేసరికి, కుట్టుమిషన్ ముందు కూర్చున్న అమ్మ పిచ్చుక ప్యాంటు ఒకటి ఎత్తి చూపించింది.

"ఇది చూడవే. దీని నడుము నెల్లాళ్లలో రెండుసార్లు లోపలికి పట్టాను. ఇంకోసారి పట్టాలంటే జేబులు రెండూ వీపు మీదికి వస్తాయి."

"పోటీ ఉంది కదమ్మా. బరువు తగ్గాలి."

"నువ్వు తగ్గడం లేదే?"

"నా విభాగం వేరు."

"దాన్నీ నీ విభాగంలోకే రమ్మనొచ్చుగా."

"అది దాని ఇష్టం."

అమ్మ కళ్లద్దాల పైనుంచి చూసింది. "దాని ఇష్టం ఎప్పుడైనా అడిగావా?"

బడికి టైమవుతోందని అక్క సంచీ తీసుకుని మెట్లు దిగింది. దారి పొడుగునా ఆ ప్రశ్న వదల్లేదు. అడగలేదు. అడక్కపోవడానికి కారణం ఆమెకు తెలుసు. రెండు నెలల క్రితం ఒక ఆదివారం, ఎవరిదో పెళ్లి భోజనం తినొచ్చిన మర్నాడు, పిచ్చుక జిమ్‌లో మూడు లిఫ్టులూ అలవోకగా చేసేసింది. పుస్తకంలో అంకెలు రాసింది అక్కే. పిచ్చుకకి కూడికలంటే బద్ధకం. అక్క కూడి చూసింది. తను పదకొండేళ్లలో ఎత్తిన అత్యుత్తమ మొత్తం కంటే చెల్లెలిది ఏడున్నర కిలోలు ఎక్కువ. పేజీ తిప్పేసి, "నువ్వు అరవైమూడులోనే ఉండు. అక్కడ నీకు ఎదురు లేదు" అంది. పిచ్చుక తలూపింది. ఆమె అక్క మాటకి ఎప్పుడూ తలూపుతుంది.

విభాగం మార్చుకోవాలంటే ఈ శుక్రవారం సాయంత్రంలోగా పోటీ నిర్వాహకులకి చెప్పాలి. శుక్రవారం ఒక్కటి గడిచిపోతే బాగుండునని అక్క రోజులు లెక్కపెట్టుకుంటోంది. అలా లెక్కపెడుతున్నందుకు తన మీద తనకే అసహ్యమేస్తోంది.

గురువారం మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో ఫోను మోగింది. కళ్లజోళ్ల దుకాణం యజమానురాలు.

"కంగారు పడకండి. మీ చెల్లెలు కౌంటర్ దగ్గర కూలబడిపోయింది. తెలివొచ్చింది, మాట్లాడుతోంది. పక్క వీధి క్లినిక్‌కి తీసుకొచ్చాం."

అక్క వెళ్లేసరికి పిచ్చుక మంచం మీద ఉంది. చేతికి సెలైన్. పెదాలు ఎండిపోయి చర్మం లేచింది. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడుగుతోంది.

"నెలసరి సరిగ్గా వస్తోందా?"

"లేదండి. రెండు నెలలైంది."

ఆ మాట అక్క మొదటిసారి వింటోంది. ఒకే గదిలో పడుకుంటారు ఇద్దరూ.

"ఇలా కడుపు మాడ్చుకోమని ఎవరు చెప్పారమ్మా?"

పిచ్చుక గుమ్మంలో నిలబడ్డ అక్కని చూసింది. చూపు తిప్పేసుకుంది. "ఎవరూ చెప్పలేదండి. నేనే" అంది.

అక్క పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ అరవలేదు. కత్తెర, టేపు డబ్బాలో పెట్టి మూత వేసి, "రేపటినుంచి ఈ ఇంట్లో ఈ ఆట లేదు. అక్క లేదు, చెల్లి లేదు. ఇద్దరూ మానెయ్యండి" అంది.

"నాకేం కాలేదమ్మా. ఎండలో నడిచాను, అంతే."

"నోర్ముయ్. ప్యాంటు కుట్టేదాన్ని నేను. నాకే చెప్తావా?"

"అమ్మా, దాన్ని అనకు" అంది అక్క. "తప్పు నాది."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. అక్క నిలబడే చెప్పింది. పెళ్లి భోజనం మర్నాటి ఆదివారం గురించి, పుస్తకంలో అంకెల గురించి, తిప్పేసిన పేజీ గురించి. చెబుతుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏడు కిలోలా?" అంది పిచ్చుక.

"ఏడున్నర."

"రెండు నెలల కింద."

"ఊ."

"పళ్లు తోముకునేటప్పుడు పేస్టు తియ్యగా ఉంటుందని ఇంకాసేపు నోట్లో ఉంచుకునేదాన్నక్కా. నీ పక్కనే నిలబడి. నువ్వు చూసేదానివి కూడా."

అక్క చూపు స్నానాల గది తలుపు మీదికి వెళ్లింది.

"నన్ను అడిగి ఉంటే పోటీయే మానేసేదాన్ని కదా" అంది పిచ్చుక.

"అందుకే అడగలేదే. అడిగితే ఇచ్చేస్తావని తెలుసు. అలా తీసుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోను? ఇలాగైతే తీసుకున్నట్టు ఎవరికీ తెలియదనుకున్నాను."

పిచ్చుక లేచి లోపలికెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ రాత్రి అక్క ముందు గదిలో, కుట్టుగుడ్డల మధ్య పడుకుంది. అమ్మ ఒక దుప్పటి తెచ్చి మీద వేసి వెళ్లింది.

తెల్లారాక అక్క ఫోను తీసి, పోటీ నిర్వాహకులకి రాయబోతోంది. వెనకనుంచి పిచ్చుక గొంతు వినిపించింది.

"ఏం రాస్తున్నావ్?"

"ఈసారికి నేను తప్పుకుంటున్నానని."

"వద్దు. నన్నడక్కుండా ఒకసారి నిర్ణయించావు, చాలు." పిచ్చుక వచ్చి ఎదురుగా కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నేను అరవైతొమ్మిదికి వస్తాను. నువ్వూ అక్కడే ఉండు. నామీద జాలిపడి ఒక్క కిలో తగ్గించి ఎత్తావని తెలిసిందో, ఇక నీకూ నాకూ మాటల్లేవు."

"మరి నువ్వు?"

"నేనూ తగ్గించను. నీమీద ఇంకా కోపంగానే ఉంది."

అమ్మ వంటింట్లోంచి కోడిగుడ్ల పళ్లెం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. "డాక్టరమ్మ సరేనంటేనే. అంతవరకు ఇనుము ముట్టుకోకూడదు. మూడు పూటలా నా కళ్లెదురుగా తినాలి. ఇష్టమైతే రాయండి, లేకపోతే ఆ ఫోను ఇటివ్వండి."

పిచ్చుక ఫోను అందుకుని తనే రాసింది.

రెండు వారాలు విశ్రాంతి తీసుకున్నాక డాక్టరమ్మ సరేనంది. అక్కాచెల్లెళ్లు మళ్లీ జిమ్‌కి కలిసే వెళ్లారు, కానీ దారిలో మాటలు తక్కువ. కడ్డీ వెనకాల నిలబడి ఒకరికొకరు కాపు కాసేవారు. "ఇంకొకటి", "చాలు", "నడుము నిటారుగా" అంతే. ఒకరోజు వానలో వస్తుంటే పిచ్చుక తన గొడుగు కొంచెం అక్క వైపు జరిపింది. ఆ రోజు నుంచి ఇంకొన్ని మాటలు పెరిగాయి.

పోటీ రోజు పిచ్చుక అరవైఆరు తూగింది. ఎన్నడూ పోటీలకు రాని అమ్మ మొదటి వరుసలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఇద్దరికీ కొట్టింది.

నేల మీంచి కడ్డీ లేపే చివరి డెడ్‌లిఫ్ట్‌కి ఇద్దరి మొత్తాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్క పదకొండేళ్లలో ఎప్పుడూ ఎత్తనంత బరువు ఎత్తింది. కడ్డీ మోకాళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలి పైకొచ్చింది. ఎత్తినది చెల్లిందని న్యాయనిర్ణేతల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. తర్వాత పిచ్చుక వచ్చింది. ఆమెదీ లేచింది. రెండున్నర కిలోల తేడాతో పెద్ద పోటీకి వెళ్లే స్థానం చెల్లెలిదైంది.

అక్క నడవలోకి వెళ్లి గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇన్ని నెలలూ దేనికి భయపడిందో అదే జరిగింది. నొప్పిగానే ఉంది. అయినా, అనుకున్నట్టు ప్రాణమేం పోలేదు. కాసేపటికి పిచ్చుక వచ్చి నాలుగడుగుల దూరంలో ఆగింది. పతకం మెళ్లో లేదు, గుప్పిట్లో దాచుకుంది.

"దాచకు. వేసుకో" అంది అక్క.

పిచ్చుక వేసుకుంది. వేసుకుని పక్కన కూర్చుని, అక్క భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటిదాకా ఆపుకున్న అక్కకీ కన్నీళ్లు ఆగలేదు.

"నన్నో పది నిమిషాలు ఏడవనివ్వవే" అంది కాసేపటికి, చేత్తో మొహం తుడుచుకుంటూ. "తర్వాత పుస్తకం తియ్యి. పెద్ద పోటీకి నువ్వు ఇంకా ఎత్తాలి. ఈసారి కూడికలు నువ్వే చెయ్యి."