ఆఖర్న దిద్దిన కళ్ళు

“ఇంట్లో ఫోటో లేదా? ఒక్కటీ లేదా?”

ఇన్‌స్పెక్టరు హిందీలో అడిగిన ఆ మాటకి సింహాచలమ్మ కూతుర్ని తన వెనక్కి లాక్కుంది. రైల్వే సమ్మె మొదలై ఆరు రోజులైంది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు ఆమె భర్త జగ్గారావు. సమ్మె నడిపించేవాళ్ళలో ఒకడు. ఆరు రోజులుగా ఇంటికి రాలేదు. ఎక్కడున్నాడో ఆమెకి తెలుసు! తాల్‌బగీచా పేటలో, పక్క క్వార్టరు సరోజమ్మ తమ్ముడు తిమోతి ఇంట్లో, వెనక గదిలో. దొరికితే జైలు... ఉద్యోగం పోతుంది... ఈ క్వార్టరూ పోతుంది... భగవంతుడా, ఇప్పుడు తన నోరు జారితే!

“నేదు బాబూ... ఫోటో నై” అంది.

అది మాత్రం నిజమే. ఆ ఇంట్లో మనిషి బొమ్మ అన్నదే లేదు. ఆరేళ్ళ కిందట కొడుకు నూకయ్య బొమ్మని వాడి చెల్లెలు దాలమ్మ క్యాలెండరు వెనకాల పెన్సిలుతో గీసింది. పదేళ్ళ పిల్ల గీసినా అచ్చు వాడే! మూడు వారాలు తిరక్కుండానే టైఫాయిడ్ వచ్చి, పన్నెండేళ్ళ పిల్లాడు తల్లి ఒళ్ళోనే కన్నుమూశాడు. బతికున్నవాళ్ళ బొమ్మ గీస్తే ఆయుష్షు తీరిపోతుందని అత్తగారు ఎప్పుడో చెప్పిన మాట సింహాచలమ్మకి గుర్తొచ్చింది. “బొమ్మ గీసి అన్నని మింగీసినావే!” అని కడుపుమంట కొద్దీ అరిచింది. ఆ బొమ్మని పొయ్యిలో పెట్టింది. ఆ రోజు నుంచి దాలమ్మ ఇంట్లోవాళ్ళ బొమ్మ గీయలేదు.

గీసినవన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళవే! సాయంత్రాలు గోల్ బజార్లో బట్టల కొట్టు ముందు చాప వేసుకుని కూర్చుంటే చుట్టూ జనం మూగేవారు. ఎదుట కూర్చున్న మనిషి నుదురూ, చెవులూ, ముక్కూ, మీసమూ గీసి, కళ్ళు మాత్రం ఖాళీగా వదిలేసేది. “దీదీ, కళ్ళేవీ? కళ్ళు!” అని జనం ఒకటే గోల. కాసేపు వాళ్ళని ఏడిపించి, నవ్వి, అప్పుడు దిద్దేది. అంతే! కాగితంలోంచి మనిషి చూసేవాడు. చప్పట్లే చప్పట్లు. పాడు చప్పట్లు... పోలీసుల చెవిన కూడా పడ్డాయి!

“బజార్లో అందరి మొహాలూ గీసే పిల్లకి బాప్ మొహం తెలీదా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “గీయమను. సాయంత్రానికి అన్ని ఠాణాలకీ పంపాలి. గీయకపోతే పిల్లనే జీపెక్కిస్తాను.”

సింహాచలమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. “వొద్దమ్మా... గీయకే! మీ నాన్న పేణం తీయకే!”

పోలీసులు పట్టుకుంటారన్న భయం ఒకటా? బొమ్మ గీశాక ఆయన అసలు బతుకుతాడా అన్న భయం ఇంకొకటి!

“గీత్తానమ్మా. నువ్వు పక్కకుండు” అంది దాలమ్మ. బ్లేడుతో పెన్సిలు చెక్కుకుని, పలక మీద కాగితం పెట్టుకుంది.

చూడలేకా, చూడకుండా ఉండలేకా సింహాచలమ్మ కూతురి వెనకే నిలబడింది. నుదురు పడింది... విశాలమైన నుదురు. ఆయన నుదురు కాదే! ముక్కు పడింది. మీసం పడింది. చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. నలభై ఏళ్ళ మగవాడి మొహం, కానీ జగ్గారావు కాదు! ‘హమ్మయ్య’ అనుకునేలోపే ఆమెకి మరో సంగతి తట్టింది. ఆయన కాదని తెలిస్తే ఈ పిల్లనేం చేస్తారు? ఇంతకీ ఎవరి మొహమిది? బాగా తెలిసిన మొహంలా ఉందే...

ఆఖర్న దాలమ్మ కళ్ళు దిద్దింది. ఎడమ కన్ను రెప్ప రవ్వంత వాలి ఉంది.

“ఓలమ్మో! నా తండ్రే!” అని సింహాచలమ్మ నేల మీద కూలిపోయింది.

నూకయ్య! బతికి ఉంటే ఎప్పటికో నలభై ఏళ్ళవాడయ్యే నూకయ్య! వాడికి ఎన్నడూ రాని మీసంతో తల్లినే చూస్తున్నాడు!

తెలుగు రాని ఇన్‌స్పెక్టరు ఆ ఏడుపు మొగుడి కోసమే అనుకున్నాడు. కాగితం అందుకుని చూశాడు. తలెత్తి సింహాచలమ్మని చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు. నూకయ్యకి అన్నీ తల్లి పోలికలే... ఆ వాలిన రెప్ప ఆమెదే! చటుక్కున పైట మొహం మీదికి లాక్కుంది.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డ సరోజమ్మకి బొమ్మ చూపించాడు. “యే జగ్గారావ్ హై?”

ఏ ఆదివారమూ చర్చి మానని సరోజమ్మ, పిల్లల దగ్గర కూడా అబద్ధమాడని సరోజమ్మ, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

“హా బాబూ. వహీ హై.”

“ఠీక్ హై” అని అతను వెళ్ళిపోయాడు. జీపు చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయాక సింహాచలమ్మ లేచి కూర్చుంది.

“ఆడి బొమ్మెందుకు గీసినావే...” అంది.

“అన్నయ్యనింక ఎవులూ ఏటీ సెయ్యలేరు కదమ్మా! నాన్న బొమ్మ గీత్తే నువ్వు బతకవు.” అప్పటిదాకా బిగబట్టుకున్న దాలమ్మ ఒక్కసారిగా భోరుమంది. “ఆడిని ఏటేటా మనసులో పెంచుకుంతన్నానమ్మా... మీసం వొత్తే ఎలాగుంతాడు, నాన్నంతోడయితే ఎలాగుంతాడని... నువ్వు తిడతావని కాయితం మీద ఎట్టనేదు.”

ఆరేళ్ళు! తను కొడుకుని పోగొట్టుకుని ఏడుస్తుంటే, ఈ పిచ్చిపిల్ల అన్నని పోగొట్టుకుని, ఆ పాపం కూడా నెత్తిన మోస్తూ, పక్కనే చప్పుడు చెయ్యకుండా బతికింది! సింహాచలమ్మ కూతుర్ని గుండెలకి హత్తుకుంది. “నువ్వు మింగనేదమ్మా... జొరం మింగింది! నానే పాపిష్టిదాన్ని... నా మాటే పాపిష్టిది!”

ఇంకో రెండు వారాలకి సమ్మె ఆగిపోయింది. జగ్గారావు చిక్కి సగమై ఇంటికొచ్చాడు. పోలీసులు ఇంక వెతకడం లేదని తెలిశాక, జన్మలో ఠాణా గడప తొక్కని సింహాచలమ్మ ఒక్కతే బయల్దేరింది. దారంతా భయమే! అయినా వెనక్కి తిరగలేదు.

“ఆ బొమ్మ ఇప్పించండి బాబూ” అంది, వచ్చీరాని హిందీలో.

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి కాగితం తీశాడు. వాలిన రెప్ప మీద వేలు పెట్టి, ఆమె కళ్ళకేసి చాలాసేపు చూశాడు.

“ఇతను నీ మొగుడు కాదు. ఎవరు?”

“నా కొడుకు.”

“ఎక్కడున్నాడు?”

సింహాచలమ్మ రెండు చేతులూ చాచి కాగితం అందుకుంది. పైట కొంగుతో కప్పుకుంది.

“ఇంటికి తీసుకెల్తన్నాను బాబూ.”