అంచు చూసే మనిషి

మెహతాబ్ ఇంటికొచ్చిందంటే చాంద్‌బీకి తన వంటింట్లో తనకే దారి తెలియదు. వెలుతురు బాగా పడటం లేదని ఉప్పుడబ్బా కిటికీ ఎక్కుతుంది, రోలు గడప దాకా వస్తుంది. ఆ పొద్దున చాయ్‌లోకి చక్కెర కోసం వెతికి వెతికి, చివరికి ఆ డబ్బా కెమెరా స్టాండు కాలి కింద దొరికితే, నవ్వాలో కోప్పడాలో ఆమెకు తేలలేదు.

కూతురు సామాన్యురాలు కాదు మరి. ఢిల్లీలో పెద్ద టీవీ ఛానల్‌కు పదేళ్ళుగా యుద్ధాలు జరిగే దేశాల నుంచి వార్తలు చెప్పే విలేకరి. నెత్తిన హెల్మెట్, మెడలో చున్నీ, వెనక పొగలు. వాటి ముందు నిలబడి తొణక్కుండా మాట్లాడుతుంది. అది చాలదన్నట్టు డాక్యుమెంటరీలు కూడా తీస్తుంది. రెండు తీస్తే రెండింటికీ బహుమతులొచ్చాయి. మూడోది మార్కాపురం పలకల మీద, అందులోనూ పలకలు చేసే తండ్రి మౌలా సాహెబ్ మీద తీస్తానని వచ్చి కూర్చుంది.

మౌలా సాహెబ్ ససేమిరా అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కూతురు పట్టినదానికైతే రెండే.

చాంద్‌బీ బెంగ వేరు. పోయినసారి ఈ తండ్రీకూతుళ్ళు మాటా మాటా అనుకున్నారు. పిల్ల అన్నం ముందు నుంచి లేచి రైలెక్కింది, మళ్ళీ రెండేళ్ళకు గాని గడప తొక్కలేదు. ఇవాళ బుధవారం. శుక్రవారం రైలు. ఈసారైనా ఇద్దరూ నవ్వుతూ విడిపోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ఒక్క గంట అబ్బా. నీ పని నువ్వు చేసుకో, నేను అడుగుతా ఉంటా," అంది మెహతాబ్ తండ్రికి చాయ్ గ్లాసు అందిస్తూ.

"ఊర్లో ఇంకెవురూ దొరకలేదా నీకు?"

"నువ్వే కావాల. అయినా నా పని నీకెప్పుడు నచ్చిందిలే. టీవీలో నేనొస్తే సౌండు తీసేస్తావంట. అమ్మీ చెప్పింది. నా మాట అంత చేదయిందా?"

చాంద్‌బీ నాలుక కరుచుకుంది. ఎప్పుడో ఫోనులో ఊసుపోక అన్న మాట అది.

మౌలా సాహెబ్ గ్లాసు కింద పెట్టాడు. "నీ సినిమాలు రెండూ చూసినా. సౌండు పెట్టుకునే చూసినా. ఒకదాంట్లో ఇల్లు పోయినామె, ఇంకోదాంట్లో పడవ పోయినాయన. బాగనే మాట్లాడతా ఉంటారు. నువ్వు ఊరకుంటావు. వాళ్ళు ఏడిసేదాకా ఊరకుంటావు. అప్పుడు కెమెరా ముఖం దగ్గరికి పోతాది. రేపు నన్ను గూడ అట్లనే కూర్చోబెట్టి, పలకల ఫ్యాక్టరీలు మూతపడినాయి, పాపం ముసలాయన అని చూపిస్తావు. నాకేంది పాపం? నలభై ఏండ్లు రాయి చీల్చినా. ఎంతమంది పిల్లోళ్ళు నా పలక మీద దిద్దినారో. ఇప్పుడు గోడలకు అంటించే రాళ్ళు చేస్తా ఉండా. రెండు పూటలా తింటా ఉండా."

మెహతాబ్ చిన్నప్పుడు బడిలో పలక పగలగొట్టుకొచ్చిన రోజు ఎట్లా నిలబడిందో అట్లా నిలబడింది. ఆ ముఖం చూడగానే చాంద్‌బీ, ఇక సంచీ సర్దుతుందనుకుంది.

"అయితే మీరే అడగండి," అనేసింది భర్తతో. "దాన్ని కూర్చోబెట్టి మీరు అడగండి. లోకమంతా తిరిగి అందర్నీ అడిగొస్తాది. దాన్నెవురడిగినారు?"

ఇద్దరూ ఆమె వంక చూశారు. ముందు నవ్వింది మౌలా సాహెబే.

పెరట్లో రేకుల షెడ్డు కింద కెమెరా నిలబెట్టారు. పొడుగాటి కర్రకు కట్టిన మైకు చాంద్‌బీ చేతికిచ్చారు. కొబ్బరాకు బూజుకర్రలా ఉందని ఆమె వేళాకోళం చేసింది గాని, పట్టుకున్నాక ఊపిరి తీయడానికి కూడా భయపడింది.

మౌలా సాహెబ్ గోనెపట్టా మీద కూర్చుని రాయి అందుకున్నాడు. దాని అంచు తిప్పి తిప్పి చూశాడు.

"లైవులో మాట్లాడేటప్పుడు ఎడమ చేత్తో చున్నీ కొస ముడేస్తావు," అన్నాడు. "దినామూ ఒకటో రెండో. పోయిన ఎండాకాలం ఒకనాడు ఐదు ముడులు ఏసినావు. ఆ పొద్దు ఏం జరిగింది?"

మెహతాబ్ తెల్లబోయింది. "అది నీకెట్ల తెలుసు?"

"రాయి ముఖం చూస్తే ఏం తెలుస్తాది? అన్నీ ఒకటే నలుపు. అంచు చూడాల. పొర యాడ విడిపోతాదో అంచే చెప్తాది." ఉలి అంచున పెట్టి మెల్లగా తట్టాడు. రాయి రెండు పలచని పలకలుగా విచ్చుకుంది. "నీ మాట వింటే నువ్వు బాగుండావని నమ్మేస్తా. అందుకే సౌండు తీసేస్తా. నీ చెయ్యి చూస్తా."

పదేళ్ళుగా ఎవరి ముందూ తొణకని పిల్ల అప్పుడు తొణికింది.

"పక్క వీధిలో బాంబు పడింది అబ్బా. మీకు తెలియకూడదని నవ్వుతా మాట్లాడినా. ఆ రాత్రి..." రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మౌలా సాహెబ్ లేచాడు. చేతిలో ఉన్న పలకను కెమెరా కంటికి అడ్డం పెట్టాడు.

"నా బిడ్డ ఏడుపు నేను చూస్తా. ఊరు చూడాల్సిన పన్లేదు," అన్నాడు. రెండో చేత్తో కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు.

ఇంతలో ఎవరో బావురుమన్నారు. చూస్తే చాంద్‌బీ. మైకు కర్ర ఎప్పుడో జారి ఆమె నోటి దగ్గరే ఉంది. "అమ్మీ, నీ ఏడుపు మొత్తం రికార్డయింది," అని మెహతాబ్ ఏడుస్తూనే పకపకా నవ్వింది.

కళ్ళు తుడుచుకుని కెమెరాను తండ్రి వైపు తిప్పింది. "ఇప్పుడు నీ వంతు. ఏడుపొస్తే నేను గూడ పలక అడ్డం పెడతా."

ఆయన మధ్యాహ్నం దాకా చెప్పాడు. ఏడవలేదు సరిగదా, చెప్పిందంతా చెప్పి తానే ముందు నవ్వుకున్నాడు. శుక్రవారం మెహతాబ్ ఆ పలకను బట్టల మధ్య పెట్టుకుని రైలెక్కింది. కనుమరుగయ్యేదాకా ముగ్గురూ చేతులు ఊపుకున్నారు.

నెల తిరక్కముందే మళ్ళీ టీవీలో కనిపించింది. మౌలా సాహెబ్ అలవాటుగా సౌండు తీసేసి, ఎడమ చెయ్యి చూస్తూ కూర్చున్నాడు. "రెండు," అన్నాడు చిన్నగా.

లైవు అయిన ఐదు నిమిషాలకు ఫోను మోగింది. "అబ్బా, ఈ పొద్దు రెండు ముడులు ఏసినా, చూసినావా? ఎందుకో చెప్తా విను."

మౌలా సాహెబ్ స్పీకరు నొక్కి, సౌండు మొత్తం పెంచి, చాంద్‌బీని పక్కన కూర్చోమన్నాడు.