రేవు రోడ్డులో మాయమైన పొత్రాలు

కావలిలో వలల దుకాణం మీద ఉన్న చిన్న గదే డిటెక్టివ్ బీజాన్ ఆఫీసు. ఆ పొద్దున మెట్లెక్కి వచ్చిన అమ్మాయికి అసిస్టెంటు ముత్యాలయ్య కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. ముఖం చూసి టికెట్టు కొన్నారో లేదో చెప్పేస్తానని ఆయనకు గట్టి నమ్మకం. ఈ పిల్ల టికెట్టు కొని కూడా భయపడే రకమని తేల్చుకున్నాడు.

"నా పేరు స్వర్ణ, మేడమ్. జువ్వలదిన్నె పక్కన రేవుకి వేస్తున్న సిమెంటు రోడ్డుకి ఇంజనీర్ని. మా రోడ్డు ముక్కలు ఎవరో ఎత్తుకుపోయినారు."

"రోడ్డుకి రోడ్డే మింగేసేవాళ్లుండారు తల్లీ. ముక్కలే గదా, నయం," అన్నాడు ముత్యాలయ్య.

బీజాన్ కళ్లద్దాల మీదుగా ఒక్క చూపు చూసింది. ఆమె తెలివి ముందు కలెక్టరైనా దిగదుడుపేనని ముత్యాలయ్య అభిప్రాయం, అందుకే ఆ చూపు కూడా ఆయనకు ముద్దే.

"రోడ్డు ఎంత మందం, ఎంత గట్టి అని చూసేదానికి మిషనుతో గుండ్రంగా కోసి ముక్కలు తీస్తాం మేడమ్," అంది స్వర్ణ. "ఒక్కోటి రుబ్బురోలు పొత్రమంత ఉంటాది. నిన్న మధ్యాహ్నం మూడు తీసి, పరీక్షకి ముందు నానాలని షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ములో వేసినా. గుంటలు పూడ్చమని మేస్త్రీకి చెప్పి ఊళ్లోకొచ్చినా. పొద్దున పోయి చూస్తే డ్రమ్ములో ముక్కల్లేవు. రేపు క్వాలిటీ ఆఫీసర్లు వాటికోసమే వస్తుండారు."

"మళ్లీ కోస్తే పోలా?" అంది బీజాన్.

"కోయొచ్చు. కానీ బాగాలేని ముక్కల్ని నేనే దాచేసినానని మా మేనేజరు అప్పుడే అనేసినాడు. ఇది నా మొదటి రోడ్డు మేడమ్. దొంగ రోడ్డు వేసిందని పేరు పడితే ఇంక నన్ను ఏ కంపెనీ పిలుస్తాది?"

"ఎవరి మీదన్నా అనుమానం ఉండాదా?"

"మస్తానమ్మని, ఎండుచేపలామె. కొత్త రోడ్డు మీద చేపలు ఆరబోస్తుంటే వద్దన్నా. నీ రోడ్డు మట్టిలో కలిసిపోనూ అని శాపనార్థాలు పెట్టింది."

ముత్యాలయ్య కేసు అక్కడే తేల్చేశాడు. చేపలామె దొంగ, సందేహం లేదు. బీజాన్ మాత్రం గొడుగు తీసుకుని లేచింది.

వాళ్లు సైటుకు చేరేసరికి భోజనాలయ్యాయి. కూలీలు, డ్రైవర్లు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు. ఎదురుగా మేనేజరు కిషోర్ బాబు చెయ్యి ఊపుతూ చెప్పిస్తున్నాడు. పాత రోడ్లలో జరిగిన తప్పులను పాఠాలుగా మార్చి, రెండు పూటలా వల్లె వేయించడం ఆయన పెట్టిన పద్ధతి.

"తడిపిన రోడ్డు ఆరకూడదు!"

"ఆరకూడదు!"

"తవ్విన గుంట పొద్దుగూకేలోపు పూడ్చాలి!"

"పూడ్చాలి!"

"తీసిన సరుకుతోనే పూడ్చాలి!"

"తీసిన సరుకుతోనే పూడ్చాలి!"

"మా సంస్థ నేర్చుకునే సంస్థ మేడమ్," అన్నాడు కిషోర్ బాబు గర్వంగా. "చిట్టమూరు పనిలో గుంట పూడ్చకుండా వదిలేస్తే ఒకాయన స్కూటర్‌తో సహా అందులో పడ్డాడు. మట్టి గుంటలో కంకరేసి ఇంకోడు చెడగొట్టాడు. ప్రతి శనివారం మీటింగులో తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి చెప్పుకోవాలి."

"ఈమధ్య ఎవరు చెప్పుకున్నారు?"

"రోలర్ డ్రైవరు చెప్పుకున్నాడు. వాణ్ణి తీసేశాం. అప్పట్నుంచి ఒక్క తప్పు కూడా జరగలేదు!"

బీజాన్ నవ్వు ఆపుకుని షెడ్డు వెనక్కి నడిచింది. డ్రమ్ములో నీళ్లు అంచుదాకా తళతళలాడుతున్నాయి.

"పొత్రాలంత ముక్కలు మూడు తీస్తే నీళ్లు దిగాల గదా?" అంది.

"దొంగ చాలా మర్యాదస్తుడు మేడమ్," అన్నాడు ముత్యాలయ్య.

"నీళ్లు నేనే పోసినానమ్మా," అన్నాడు మేస్త్రీ పెంచలప్రసాద్ పక్కనుంచి. "నిన్న సాయంత్రం డ్రమ్ము వెలితిగా కనబడింది. క్యూరింగుకని రోజూ రోడ్డు తడిపే చెయ్యి గదా, వెలితి చూస్తే ఊరుకోదు." అనేసి, అన్నందుకు నాలిక కరుచుకున్నట్టు పక్కకు తిరిగాడు.

షెడ్డులో ముత్యాలయ్య ఒక బస్తా మీద కూలబడ్డాడు. గుంటలు పూడ్చడానికి తాను తెప్పించిన సిమెంటు అదేనంది స్వర్ణ. బస్తా కుట్టు విప్పలేదు.

ఆ తరువాత ముగ్గురూ రోడ్డు మీదికి వెళ్లారు. బండ్లు జారకుండా సిమెంటు మీద చీపురుతో గీసిన సన్నటి గీతలు రోడ్డుకు అడ్డంగా బారులు తీరి ఉన్నాయి. గుంటలు తీసిన చోట మూడు గుండ్రాలు. వాటిలోనూ గీతలున్నాయి, కాకపోతే ఒకదాంట్లో ఏటవాలుగా, రెండింట్లో నిలువుగా.

"మేస్త్రీ పనితనం చూడండి, గుంటలో కూడా గీతలు గీసినాడు," అని మెచ్చుకున్నాడు ముత్యాలయ్య.

బీజాన్ వంగి, ఒక గుండ్రం పక్కన పడి ఉన్న రెండు ఎండు నెత్తళ్ల చేపలను తీసి చేతిరుమాల్లో చుట్టుకుంది. ఆ నెత్తళ్లతో మస్తానమ్మ పని అయిపోయిందనుకున్నాడు ముత్యాలయ్య.

రేవు దారిలో ఎదురైన మస్తానమ్మ గంప దించకుండానే తగులుకుంది. "నాకెందుకా ముక్కలు? మా ఇంట్లో పొత్రం లేదా?"

"నిన్న సాయంత్రం రోడ్డు మీద ఎవర్నన్నా చూసినావా అక్కా?" అంది బీజాన్.

"నేనసలు రోడ్డు మీదికే రాలా!"

బీజాన్ అందరినీ ఆ గుండ్రాల దగ్గరికే పిలిపించింది. ఎండలో గొడుగు ఒక్కటే ఉంది, ముత్యాలయ్య దాన్ని భక్తిగా ఆమె నెత్తిన పట్టాడు.

"ముక్కలు తీసినాయన బరువులు మోసినాడు. మోసిన మనిషి ఆగి డ్రమ్ము ఎందుకు నింపుతాడు? దొంగకి ఆ అలవాటు ఉండదు. తడిపే పనివాడికి ఉంటాది," అంది బీజాన్. "పూడ్చమని చెప్పిన సిమెంటు బస్తా విప్పలేదు, అయినా గుంటలు పూడినాయి. దేంతో పూడినాయి? కొత్తగా పోసి గీసుంటే గీతలు రోడ్డుతో కలిసేవి. ఇవి అడ్డదిడ్డంగా ఉండాయంటే, ముందే గీతలున్న మూతలు తిప్పి పెట్టినట్టు లెక్క."

స్వర్ణ నోరు తెరిచింది.

"అవునమ్మా, నీ ముక్కలు ఎక్కడికీ పోలా. పుట్టిన చోటుకే పోయినాయి. తీసిన సరుకుతోనే పూడ్చాల గదా! పెంచలప్రసాదన్నా, నువ్వు ఇంత బుద్ధిగా పాఠం అప్పజెప్పినావే, పొద్దున్నుంచి నోరెందుకు మెదపలా?"

పెంచలప్రసాద్ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "పూడ్చమన్నారు, పూడ్చినా. అవి పరీక్షకని నాకెవరూ చెప్పలా. పొద్దున దొంగతనమని కేకలేస్తావుంటే భయమేసింది. శనివారం నిలబెడతారు. రోలర్ డ్రైవరు గతి చూసినా గదమ్మా. ఇద్దరు బిడ్డలుండారు నాకు."

"మస్తానమ్మక్క నిన్ను చూసింది కూడా. ఇవిగో ఆమె నెత్తళ్లు, నువ్వు పూడ్చిన గుంట పక్కనే దొరికినాయి."

"చూసినా!" అంది మస్తానమ్మ. "రోడ్డులో రాళ్లు నాటుతావుంటే పిచ్చిపట్టిందేమో అనుకున్నా. చెప్తే నా చేపల సంగతి బయటపడతాదని చెప్పలా."

ముత్యాలయ్య సిగ్గుతో గొడుగు తన ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బీజాన్ నెత్తిన ఎండ పడింది.

పెంచలప్రసాదే ఉలి తెచ్చాడు. అంచున పూసింది పాత బస్తా అడుగున మిగిలిన సిమెంటు, పల్చటి పొర, లోపల చుట్టూ ఇసుకే. మొదటి ముక్క చెక్కుచెదరకుండా పైకి వచ్చింది. దాని మీద స్వర్ణ రాసిన ఎర్రరంగు అంకె కనబడగానే ఆ పిల్ల రోడ్డు మీదే చతికిలబడి, ముక్కను ఒళ్లో పెట్టుకుని, ఏడుస్తూ నవ్వింది. మిగిలిన రెండూ వచ్చాయి. మందం ఎక్కడా తగ్గలేదు.

"బ్రహ్మాండమైన పాఠం!" అన్నాడు కిషోర్ బాబు అలవాటు కొద్దీ. "శనివారం మీటింగులో దీన్ని..."

పెంచలప్రసాద్ తల వాలిపోయింది. కూలీలంతా నేల చూపులు చూశారు.

"ఎవరి తప్పని చెప్పిస్తారు సార్?" అంది బీజాన్ నెమ్మదిగా. "మీవాళ్లు మీ దగ్గర బాగా నేర్చుకున్న పాఠం ఒక్కటే, నోరు విప్పితే ఉద్యోగం పోతాదని. దానికి మొన్నే ఒక డ్రైవరు ఉద్యోగం పోయింది, ఇంకొంచెం ఉంటే ఈ పిల్లదీ పోయేది."

కిషోర్ బాబు స్వర్ణ ఒళ్లో ఉన్న ముక్క వైపు చూశాడు.

"ముక్కలెందుకో మేస్త్రీకి చెప్పకపోవడం నా తప్పు సార్. శనివారం నేను నిలబడతా," అంది స్వర్ణ.

"వద్దమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "ముందు నేను నిలబడతాను. ఆ రోలర్ డ్రైవర్ని కూడా పిలిపించండి, వాడూ వినాలి."

మస్తానమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"అయితే నా నెత్తళ్ల తప్పు కూడా శనివారమే ఒప్పుకుంటాలే అయ్యా," అంది. "అందాకా ఆ వారన కొంచెం ఎండనీండి."