తొమ్మిది కిలోమీటర్ల అబద్ధం

"హెలికాప్టర్లు రెండూ సిద్ధంగా ఉన్నాయి. నువ్వు మాత్రం షెడ్డు దాటి కదలకూడదు," అన్నాడు చీఫ్.

స్పానర్ తల వంచుకుంది. ఆమెను డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. బయటివాళ్ల కళ్లకు ఆమె వాహనాల పొగ పరీక్షా కేంద్రంలో ఆపరేటర్. నిజానికి ఆ కేంద్రం సీక్రెట్ సర్వీస్ వాళ్లది. ఏజెంట్ల బళ్లన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్తాయి.

"వాళ్లు ఎత్తుకెళ్లింది మా బాబాయిని సార్," అంది మెల్లగా.

"అందుకే వద్దంటున్నా. సొంత మనిషి ప్రమాదంలో ఉంటే బుర్ర పనిచెయ్యదు."

ఆమె బాబాయి కోడ్ నిపుణుడు. దేశం వాడే రహస్య సంకేతాలన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. రెండు రోజుల క్రితం ఒక విదేశీ ముఠా ఆయన్ని ఎత్తుకుపోయింది. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి సరిహద్దు దాటించడానికి బయలుదేరుతున్నారని కబురు. సరిహద్దు దాటించారంటే ఆయన నోరు విప్పినా ఒకటే, విప్పకపోయినా ఒకటే. మళ్లీ ఇంటికి రాడు.

చీఫ్ ఆశలన్నీ 'అత్తరు' మీదే ఉన్నాయి. మూడేళ్లుగా ఆ ముఠాలో నమ్మకంగా మెలుగుతున్న మన ఏజెంట్ ఆమె. మనిషి కంటే ముందు ఆమె పరిమళం వస్తుందని ఆ పేరు పెట్టారు.

రెండూ యాభైకి ఒక పికప్ ట్రక్కు దగ్గుకుంటూ, నల్లటి పొగ కక్కుకుంటూ గేట్లోకి వచ్చింది. ఒళ్లంతా ఎర్ర మట్టి. అందులోంచి నర్సు వేషంలో దిగింది అత్తరు. ఆ వేషంలో కూడా పోస్టర్ మీది బొమ్మలా ఉంది.

"ఈ బండికి పొగ ఎక్కువండీ," అంది.

"నిప్పు లేనిదే రాదు కదండీ," అంది స్పానర్.

కోడ్ సరిపోయింది. అత్తరు చీఫ్ వైపు తిరిగింది.

"కొండల మీద, పాత అటవీ బంగళాలో ఉన్నాడు సార్. మూడు వందల కిలోమీటర్లు. వాళ్ల బండే దొంగిలించి, మధ్యలో ఎక్కడా దిగకుండా వచ్చాను."

"ఎంతమంది?"

"పన్నెండు మంది. అందరి దగ్గరా తుపాకులున్నాయి."

చీఫ్ రేడియోలో నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఐదు నిమిషాల్లో హెలికాప్టర్లు కొండల వైపు ఎగిరాయి. మిగిలిన ఒక్క జీపులో నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని తనూ హెలికాప్టర్లు తిరిగొచ్చే ఎయిర్‌పోర్ట్ వైపు బయలుదేరాడు.

గేటు దగ్గర గార్డులు తప్పితే, షెడ్డులో ఇద్దరే మిగిలారు. మధ్యలో పికప్.

చేతులు ఖాళీగా ఉంటే గుండె ఆగిపోయేలా ఉంది స్పానర్‌కి. అలవాటు ప్రకారం పొగ గొట్టంలో ఎనలైజర్ గొట్టం దూర్చి, స్టీరింగ్ కింద ఇంజన్ కంప్యూటర్‌ని చదివే స్కానర్ తగిలించింది. అత్తరు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు దీనికి పరీక్షెందుకు చెల్లీ? ఫస్ట్ క్లాస్‌లో పాస్ చేస్తావా?"

"ఊరికే అక్కా. ఊరుకోలేక."

స్కానర్ తెర వెలిగింది. స్పానర్ ఒకటికి రెండుసార్లు చదివింది.

ఇంజన్ కంప్యూటర్ రోడ్డు మీద పోతూ పోతూ తనని తాను పరీక్షించుకుంటుంది. పొగలో తేడా ఉందా, సెన్సర్లు సరిగా ఉన్నాయా అని. మూడు వందల కిలోమీటర్లు నడిచిన బండిలో ఆ పరీక్షల్లో చాలావరకు పూర్తయి ఉండాలి. ఇక్కడ ఒక్కటీ పూర్తి కాలేదు. కంప్యూటర్ జ్ఞాపకాన్ని ఎవరో తుడిచేశారు. తుడిచాక బండి నడిచిన దూరం, తొమ్మిది కిలోమీటర్లు.

తెర మీంచి కళ్లు తిప్పకుండానే అడిగింది.

"అక్కా, దారిలో ఇంజన్ ఆగిందా?"

అత్తరు కనురెప్ప కూడా ఆడించలేదు. "ఎన్నిసార్లని చెప్పను! గుంట తగిలితే చాలు, చచ్చి మళ్లీ బతికేది. ఇందాక ఊరి పొలిమేరలో కూడా ఆగింది. బండి కాదమ్మా అది, నస పెట్టే ముసలాయన."

అదీ నిజమై ఉండొచ్చు. కంప్యూటర్ ఎర్త్ వైరు వదులైతే అది తనంతట తనే రీసెట్ అయిపోతుంది. అలా అయితే ఈ తొమ్మిది కిలోమీటర్లకి అర్థం లేదు. బండి ఎక్కడ తిరిగిందో తెలియకుండా ఎవరో కావాలని తుడిచి ఉంటే మాత్రం అది బయలుదేరింది కొండల్లోంచి కాదు. బాబాయి ఇక్కడే, తొమ్మిది కిలోమీటర్ల లోపలే ఉన్నాడు. హెలికాప్టర్లు వెళ్తున్నది ఖాళీ బంగళాకి.

గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

బానెట్ ఎత్తింది. ఇంజన్ ఆన్‌లో ఉంచి వైర్లు ఒక్కొక్కటే కదిపింది. బ్యాటరీ దగ్గర ఏమీ లేదు. ఫ్యూజుల దగ్గరా అంతే. ఇంజన్ వెనక రేకుకి బిగించిన ఎర్త్ వైరు ముట్టుకోగానే ఇంజన్ టక్కున ఆగిపోయింది.

"చెప్పానా!" అంది అత్తరు వెనక నుంచి. పరిమళం దగ్గరికొచ్చింది.

స్పానర్ బోల్టుని వేలితో కదిపింది. అత్తరు చెప్పింది నిజమే. బోల్టు వదులుగానే ఉంది. ఇంకొకరైతే బానెట్ మూసేసేవారు. స్పానర్ టార్చి వేసి వంగి చూసింది.

నెలల తరబడి వదులుగా కదిలిన బోల్టు కింద నల్లటి మసి పేరుకుంటుంది. తుప్పు పడుతుంది, దుమ్ము దూరుతుంది. దీని కింద రేకు కొత్తగా తోమిన గిన్నెలా మెరుస్తోంది. బోల్టు తల మీద పానా జారిన గీత కూడా తాజాగా ఉంది. దీన్ని గుంటలు వదులు చెయ్యలేదు. ఇవాళే ఎవరో విప్పారు, అబద్ధానికి సాక్ష్యం కోసం.

మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. సిగ్గరి మనుషులకి ఉన్న ఒకే ఒక సుఖం అది, వాళ్ల మొహాలు ఎవరూ పట్టించుకోరు.

సరే, తొమ్మిది కిలోమీటర్లు. ఏ వైపు?

ఎనలైజర్ వైపు చూసింది. పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఆ నల్ల పొగ అందుకే. గాలి ఎందుకు తక్కువైంది? ఎయిర్ ఫిల్టర్ మూత విప్పింది. లోపల కాగితం మడతలన్నిటినీ మెత్తటి తెల్లటి నూగు కమ్మేసింది. వేలితో లాగితే దారంలా సాగింది.

పత్తి.

కొండల మీద పత్తి ఎక్కడిది? ఊరికి తూర్పున మాత్రం మూతబడిన పత్తి మిల్లు ఒకటుంది. ఇక్కడికి సరిగ్గా తొమ్మిది కిలోమీటర్లు.

"వైరు కొత్తది వెయ్యాలక్కా. స్టోర్‌లో ఉందేమో చూసొస్తా," అంది. ఎర్త్ బోల్టు పూర్తిగా విప్పి జేబులో వేసుకుని లోపలికి నడిచింది. చెవులకి పెట్టుకున్న ఇయర్‌మఫ్‌లోనే రేడియో ఉంది.

"చీఫ్, స్పానర్‌ని మాట్లాడుతున్నా. జీపు తిప్పండి. తూర్పు రోడ్డు, పత్తి మిల్లు. అత్తరు అటువైపు మనిషి."

"నీకు పిచ్చి పట్టిందా? మూడేళ్లు ప్రాణాలకి తెగించిన మనిషి ఆమె!"

"ఆమె మూడు వందల కిలోమీటర్లు రాలేదు సార్. తొమ్మిదే వచ్చింది. బండి చెబుతోంది."

"బండి మాట నమ్మి జీపు తిప్పనా? నా దగ్గర ఉన్నది ఒక్క జీపు. తప్పైతే మీ బాబాయి..."

"తెలుసు సార్. ఆయన నా బాబాయి. తిప్పండి."

 రేడియోలో టైర్లు కీచుమన్న శబ్దం.

ఆమె వెనక్కి తిరిగింది. ద్వారంలో అత్తరు నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"స్టోర్‌లో వైరు దొరికిందా చెల్లీ?"

"దొరకలేదక్కా."

"నీ నోట్లోంచి మాట రాదని అందరూ అంటే నమ్మాను. నాదే తప్పు." తుపాకీ గురిపెట్టి ఆమె స్పానర్‌ని స్టోర్‌లోకి నెట్టి గడియ పెట్టింది. కాల్చి సమయం పాడు చేసుకోలేదు. జీపు చేరేలోగా తన వాళ్లని కదిలించాలి.

గడియ అవతల హీల్స్ టకటకలు. పికప్ తలుపు ధడాలుమంది. తాళం తిప్పింది. స్టార్టర్ గిర్రుమంది, ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పింది. మళ్లీ అదే. కంప్యూటర్‌కి ఎర్త్ లేకపోతే ఎంత తిప్పినా అంతే. ఒక బూతు మాట, తర్వాత ఫోన్ నొక్కుతున్న శబ్దం. "హలో! లారీ ఇప్పుడే బయలుదేరదియ్యండి! ఇప్పుడే!"

స్పానర్ చల్లటి గోడకి నుదురు ఆనించింది. ఇయర్‌మఫ్‌లో జీపు హోరు. చీఫ్ గొంతు ముక్కలు ముక్కలుగా.

"మిల్లు కనిపిస్తోంది... గేటు తీశారు... లారీ, పత్తి మూటలు... కదిలింది. అడ్డం పెట్టు! అడ్డం పెట్టరా!"

పెద్ద చప్పుడు. రెండు తుపాకీ శబ్దాలు. ఆ తర్వాత ఏమీ లేదు.

మూడూ నలభై ఎనిమిది. ఆమె ఇయర్‌మఫ్‌ని చెవికి గట్టిగా నొక్కుకుంది.

ముందు ఒక తుమ్ము వినిపించింది. వరసగా ఇంకో మూడు.

"ఎవరే అక్కడ? స్పానరా?" బాబాయి గొంతు బొంగురుగా ఉంది. "ముక్కులో పత్తి, చెవిలో పత్తి. నా తలలో కోడ్‌ల కంటే ఇప్పుడు పత్తే ఎక్కువుందే."

ఏడుపొస్తుందనుకుంది. నవ్వొచ్చింది.

అరగంటకి గడియ తీశారు. చీఫ్ రేడియోలో చెప్పగానే గార్డులు గేటు దగ్గర పట్టుకున్న అత్తరు చేతులకి బేడీలు. చీఫ్ పికప్ చుట్టూ ఒకసారి తిరిగి, జుట్టు గోక్కున్నాడు.

"శాటిలైట్లు చూశాం, ఫోన్లు విన్నాం, మూడేళ్లు గూఢచారిని నడిపాం. ఇప్పుడు పైవాళ్లకి రిపోర్టులో ఏం రాయను? ఎయిర్ ఫిల్టర్ అనా?"

స్పానర్ స్కానర్ వైరు చుట్టి పక్కన పెట్టింది.

"బండి పొగ పరీక్షలో ఫెయిల్ అని రాయండి సార్. అందులో అబద్ధం ఏమీ లేదు."